కాలవ మూసేశారు, ఇప్పుడేం చేయాలి? ఇంగ్లండు నేరోబోటు ప్రయాణంలో దారి మార్చుకునే పద్ధతి

బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లండన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు సెలవుల్లో నేరోబోటు, అంటే ఇరుకు కాలవల్లో నడిచే పొడవాటి ఇనుప పడవ, అద్దెకు తీసుకోవడం ఇప్పుడు మామూలైంది. పడవ నడపడం గంటలో వచ్చేస్తుంది. రానిదల్లా, అనుకున్న దారి మధ్యలో మూసుకుపోతే ఏం చేయాలన్నది. లాకు (కాలవ ఎత్తు మారే చోట నీళ్ళు నింపి, వదిలి పడవను ఎక్కించే, దించే తలుపుల గది) తలుపు విరుగుతుంది, చెట్టు పడుతుంది, నీళ్ళు తగ్గిపోతాయి, నది పొంగుతుంది. వారం రోజుల ప్రయాణంలో వీటిలో ఒక్కటైనా ఎదురుకావడం వింతేమీ కాదు.

ఈ వ్యాసం మొత్తానికి ఆధారం ఒకటే మాట: కాలవ మీద గమ్యం కన్నా వెనక్కి తిరిగే చోటు ముఖ్యం. కారు ఎక్కడైనా యూ టర్న్ కొడుతుంది. 60 అడుగుల పడవ 35 అడుగుల కాలవలో అడ్డం తిరగదు. అది తిరగాలంటే గట్టును లోపలికి తొలిచిన విండింగ్ హోల్ ఉండాలి. అది ఎక్కడుందో తెలియకుండా ముందుకు పోతే, మూసుకుపోయిన లాకు దగ్గర నిలబడి మైళ్ళ కొద్దీ వెనక్కి నెట్టుకుంటూ రావాలి.

పదాల సంగతి ముందే అనుకుందాం. గోదావరి డెల్టాలో పెరిగినవాళ్ళకు లాకు కొత్త కాదు. 1847-52 మధ్య కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, ఆ కాలవల్లో పడవలు నడిచింది ఇలాంటి లాకుల మీదుగానే. లాకులోకి నీళ్ళు వదిలే, ఆపే పలకను ఇక్కడివాళ్ళు ప్యాడిల్ అంటారు, మనం మన లస్కర్లలాగే (కాలవ సిబ్బందిలాగే) షట్టరు అందాం. దాన్ని ఎత్తే ఎల్ ఆకారపు ఇనుప పిడి విండ్‌లాస్. రెండు లాకుల మధ్య ఉండే నీటి మడుగు పౌండ్.

బయల్దేరే ముందు: పటం మీద గీతలు, కాగితం మీద లెక్క

ముందు టైము లెక్క. ఒక మైలు ఒక యూనిట్, ఒక లాకు ఒక యూనిట్. గంటకు 3 యూనిట్లు వేసుకోండి. కాలవ మీద గరిష్ఠ వేగం గంటకు 4 మైళ్ళే. కట్టేసిన పడవల పక్క నుంచి వెళ్ళేటప్పుడు అందులో సగానికి తగ్గాలి.

ఉదాహరణకు ఫోర్ కౌంటీస్ రింగ్ తీసుకోండి. రింగ్ అంటే కాలవల మీదుగా చుట్టి బయల్దేరిన చోటికే వచ్చే దారి. సుమారు 110 మైళ్ళు, 94 లాకులు. మొత్తం 204 యూనిట్లు, అంటే 68 గంటలు. వారం అద్దె అంటే చాలా చోట్ల మొదటిరోజు మధ్యాహ్నం 3కి పడవ ఇచ్చి, ఆఖరి రోజు ఉదయం 9కి తీసుకుంటారు. మధ్యలో దొరికేవి ఆరు పూర్తి రోజులు. రోజుకు పదకొండు గంటలు చుక్కాని పట్టుకుని నిలబడాలి. అలవాటైనవాళ్ళు ఇంకాస్త తొందరగా తిరగగలరు కానీ, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ లెక్క చూశాక కూడా వారంలో చుట్టి రావాలనుకుంటే అది మొండితనమే. రోజుకు ఆరు గంటలు ప్రయాణం, మొత్తం మీద ఒక పూర్తి రోజు ఖాళీ పెట్టుకోండి. ఆ ఖాళీ రోజు ఉంటేనే దారి మార్చుకునే స్వేచ్ఛ ఉంటుంది.

రింగు ప్రయాణానికి ఇంకో చిక్కుంది. వెళ్ళిన దారినే తిరిగొచ్చే ప్రయాణంలో ఎక్కడ ఆగినా వెనక్కి తిరిగితే ఇల్లు చేరతాం. రింగులో మూడొంతులు తిరిగాక దారి మూసుకుపోతే, ఆ మూడొంతులూ మళ్ళీ వెనక్కి నడపాలి. 2018 మార్చిలో ఇదే జరిగింది. ఫోర్ కౌంటీస్ రింగులో భాగమైన మిడిల్‌విచ్ బ్రాంచిలో ఎవరో లాకు షట్టర్లు ఎత్తి అలాగే వదిలేశారు. పై నీళ్ళన్నీ కింది పౌండ్‌లోకి దిగి, గట్టు మీదుగా పొర్లి, గట్టునే కోసుకుపోయాయి. ఆ ముక్క మళ్ళీ తెరుచుకునేసరికి డిసెంబరు అయింది. రింగు బయల్దేరితే నాలుగో రోజు ఉదయం ఒక నిర్ణయం పెట్టుకోండి: అప్పటికి సగం దాటకపోయినా, ముందు దారి గురించి చెడ్డ కబురున్నా, వెనక్కే.

తర్వాత పటం. పెన్సిలుతో ఇవి గుర్తు పెట్టండి.

ప్రతి విండింగ్ హోల్, దాని పక్కన అందులో తిరగగల పడవ పొడవు. మీ పడవ 62 అడుగులైతే 50 అడుగుల గుంట మీకు లేనట్టే. నీళ్ళ కుళాయిలు, మరుగుదొడ్డి ఖాళీ చేసే చోట్లు. కారు రాగల వంతెనలు, వాటి నంబర్లతో సహా. నదిలో కలిసే చోట్లు. హేర్‌కాసిల్ లాంటి సొరంగాలు కూడా. అది 2,926 గజాల పొడవు, దాటడానికి 40 నిమిషాల దాకా పడుతుంది. ఒకసారికి ఒకవైపు పడవలనే వదులుతారు, అదీ సిబ్బంది ఉన్న వేళల్లోనే. సాయంత్రం ఆలస్యంగా చేరితే ఆ రాత్రి అక్కడే.

ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ళ జలమార్గాలు చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ మూసివేతల నోటీసులు తన వెబ్‌సైటులో పెడుతుంది, ఈమెయిలుకూ పంపుతుంది. మీ కాలవల పేర్లతో నమోదు చేసుకోండి. పెద్ద మరమ్మతులు నవంబరు నుంచి మార్చి దాకా పెట్టుకుంటారు కాబట్టి చలికాలం మూసివేతలు చాలావరకు ముందే తెలుస్తాయి. వేసవివి అలా కాదు. వాన లేక రిజర్వాయర్లు అడుగంటితే లాకులకు తాళాలు పడతాయి, లేదా రోజుకు కొన్ని గంటలే తెరుస్తారు. 2025 వేసవిలో లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలవతో సహా ఉత్తరాదిన చాలా మైళ్ళు అలాగే ఆగిపోయాయి. నోటీసులు రోజుకు రెండుసార్లు చూడాలి. రాత్రి కట్టేసినప్పుడు ఒకసారి, పొద్దున ఇంజను వేసే ముందు ఒకసారి.

పడవ తీసుకునేటప్పుడు అడిగి చూసుకోవలసినవి: రెండు విండ్‌లాసులు (ఒకటి నీళ్ళలో పడిపోవడం ఖాయం), కుళాయి గదులు తెరిచే వాటర్‌మేట్ తాళంచెవి, కొన్ని లాకులకు వేసే హ్యాండ్‌కఫ్ తాళపు చెవి, గడకర్ర, సుత్తి, గట్టులో దిగ్గొట్టే మేకులు, ఇనుప పలకల గట్టుకు తగిలించే కొక్కేలు, రంపపు అంచున్న కత్తి, మందపాటి చేతిగ్లౌజులు.

మూసేశారని తెలిసిన మొదటి పది నిమిషాలు

మొదట పడవ ఆపండి. ముందుకెళ్ళి చూద్దాం అనేదే అసలు తప్పు, ఎందుకంటే వెళ్ళే దారిలోనే ఆఖరి విండింగ్ హోల్ దాటిపోతాం. గట్టుకు కట్టేసి నోటీసు పూర్తిగా చదవండి. చూడవలసినవి మూడు: ఏ లాకు నుంచి ఏ వంతెన దాకా మూశారు, మళ్ళీ కబురు ఎప్పుడిస్తారు, నడిచే గట్టు తెరిచే ఉందా.

‘మరమ్మతు సిబ్బంది వస్తున్నారు’ అని ఉంటే అరపూట ఆగవచ్చు. ‘ఇంజినీర్లు పరిశీలిస్తున్నారు’ అని ఉంటే ఆ రోజుకు ఆశ వదులుకోండి. ‘గట్టు తెగింది’ అని ఉంటే ఆ దారి మీ సెలవులకు పనికిరాదు, నెలల మాట.

తర్వాత పడవ అద్దెకిచ్చిన వాళ్ళకు ఫోన్ చేయండి. దారి మార్చేటప్పుడు వాళ్ళ అనుమతి ఉండాలి. నదుల మీదికి వెళ్ళవచ్చా లేదా అన్నది బీమాతో ముడిపడి ఉంటుంది. పైగా ఆ చుట్టుపక్కల ఏ పాయ బాగుంటుందో వాళ్ళకు బాగా తెలుసు.

వెనక్కి తిప్పడం

విండింగ్ హోల్ ఎడమ గట్టున ఉందనుకోండి.

1. దాని పొడవు, గాలి దిశ చూసుకుని, నడక కన్నా నెమ్మదిగా రండి. లోపల ఎవరన్నా పడవ కట్టేసి ఉంటే (కట్టకూడదు, అయినా కడతారు) ముందే మాట్లాడండి.
2. ముక్కును నెమ్మదిగా గుంటలోకి నడిపి మట్టికి ఆనించండి. గుద్దకండి.
3. టిల్లరు (చుక్కాని తిప్పే పిడి) పూర్తిగా కుడికి నెట్టి, ముందు గేరులో కొంచెం కొంచెం పవరు ఇవ్వండి. ముక్కు ఆనిన చోటే ఉంటుంది, వెనక భాగం గుండ్రంగా తిరుగుతుంది.
4. పడవ కాలవకు అడ్డం దాటి మీరు రావలసిన వైపు మొగ్గాక, రివర్సులో ముక్కును బయటికి లాగండి. కాస్త ముందుకు, కాస్త వెనక్కి అంటూ సరిచేయండి.

వెనక భాగం అవతలి గట్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒకరు అక్కడ నిలబడి చూస్తూ ఉండాలి. గట్టు పక్కన లోతు తక్కువ, రాళ్ళూ ఉంటాయి. చుక్కాని పలక తగిలి వంగితే ప్రయాణం అక్కడితో సరి. గాలి బలంగా ఉంటే, ముక్కు తాడును గుంట దగ్గర ఒక మనిషి చేతికిచ్చి పట్టించండి.

విండింగ్ హోల్ దాటిపోయారా? రివర్సులోనే రావాలి. నేరోబోటు రివర్సులో చుక్కాని మాట వినదు. ఎటో ఒకవైపు వాలుతుంది. అప్పుడు ముందు గేరులో రెండు సెకన్లు గట్టిగా పవరు ఇచ్చి, టిల్లరుతో సరిచేసి, మళ్ళీ రివర్సు. ముక్కు దగ్గర ఒకరు గడకర్రతో ఉండాలి. అర మైలు లోపయితే ఇంజను ఆపి, ఇద్దరు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో లాగడమే తేలిక. తాడు చేతికి చుట్టుకోవద్దు.

నీళ్ళు తగ్గిపోతే

పొద్దున పెనం మీద వేసిన దోశ పిండి ఒకపక్కకే జారుతోందంటే, రాత్రికి రాత్రి పౌండ్‌లో నీళ్ళు దిగిపోయాయని అర్థం. పడవ ఒక అంచు బురద మీద కూర్చుంది. దగ్గర దగ్గరగా ఉన్న లాకుల మధ్య చిన్న పౌండ్‌లలో ఇది తరచూ జరుగుతుంది. కింది లాకు తలుపులు కారుతుంటాయి, లేదా ఎవరో షట్టరు పూర్తిగా దించలేదు. అందుకే అలాంటి చోట్ల రాత్రి కట్టకూడదు. ఆడ్లెమ్ లాంటి 15 లాకుల వరుసను పొద్దున్నే మొదలుపెట్టమని చెప్పేది అందుకే. వరుస మధ్యలో చీకటి పడితే మంచి చోటు దొరకదు.

ఇంజను వేయకండి. ముందు తాళ్ళు వదులు చేయండి. బిగిసి ఉన్న తాడు పడవను ఇంకా ఒరిగేలా చేస్తుంది. తర్వాత రెండు వైపుల లాకుల దాకా నడిచి, అన్ని షట్టర్లూ దిగాయో లేదో చూడండి. తెరిచి ఉన్నది దొరికితే మూయండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

పై నుంచి నీళ్ళు వదలడం ట్రస్టు వాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళు సరేనన్నాకే చేయాలి. పై లాకు రెండు వైపుల తలుపులూ మూసి ఉండగా, పై షట్టరు ఒకటి, కింది షట్టరు ఒకటి సగం సగం ఎత్తితే నీళ్ళు లాకు గుండా దిగుతాయి. ఒక మనిషి పై పౌండ్ దగ్గరే నిలబడాలి. అక్కడ మట్టం జానెడు పడిపోతే ఆపేయాలి. లేకపోతే మీ పడవ తేలుతుంది, పైన కట్టేసిన పడవ బురదలో కూర్చుంటుంది. ఒక ఇరుకు లాకుకు పట్టేది సుమారు లక్ష లీటర్లు. చిన్న పౌండ్‌ను నింపడానికి ఎన్ని లాకుల నీళ్ళు కావాలో ఊహించుకోండి. ఓపిక పట్టాలి. నేరోబోటు తేలడానికి సుమారు రెండు, రెండున్నర అడుగుల లోతు చాలు.

నడుస్తుండగా మట్టిలో దిగబడితే విధానం వేరు. పవరు పెంచి ముందుకు తోయకండి. ప్రొపెల్లరు పడవ కింది నీళ్ళను వెనక్కి లాగేస్తుంది, పడవ ఇంకా దిగుతుంది. వచ్చిన దారినే నెమ్మదిగా రివర్సు. రాకపోతే అందరూ లోతు ఉన్నవైపు అంచుకు చేరండి, పడవ అటు ఒరిగి మట్టి వదులుతుంది. అప్పుడు గడకర్ర. గడను పొట్టకు, రొమ్ముకు ఆనించి నెట్టవద్దు. జారితే ప్రాణం మీదికొస్తుంది.

లాకులో వచ్చే గొడవలు

తలుపు తెరుచుకోకపోతే పదిసార్లలో తొమ్మిదిసార్లు కారణం నీటి మట్టాలు సమం కాకపోవడమే. అవతలి కొస షట్టరు కాస్త తెరిచి ఉంటే ఎంతసేపు చూసినా సమం కాదు. అది చూడండి. పూర్తిగా తెరుచుకోకుండా మధ్యలో ఆగితే తలుపు వెనక దుంగో చెత్తో ఇరుక్కుంది. తలుపును కాస్త వెనక్కి తెచ్చి, గడకర్ర కొక్కెంతో కెలికి తీయండి. ఇంజనుతో తలుపును గుద్ది తెరవవద్దు.

అసలు ప్రమాదం సిల్. పై తలుపుల కింద లాకు లోపలికి పొడుచుకొచ్చే రాతి అరుగు అది. నిండి ఉన్నప్పుడు కనపడదు. పడవ దిగుతున్నప్పుడు వెనక భాగం దాని మీద కూర్చుంటే, ముక్కు కిందికి దిగిపోయి నీళ్ళు లోపలికి వస్తాయి, పడవ మునుగుతుంది. గోడ మీద తెల్ల గీత ఉంటుంది. దాని కన్నా ముందుకు ఉండండి, చిన్న పవరుతో ముందు గేరులోనే ఉంచండి. దిగేటప్పుడు తాళ్ళు ఎప్పుడూ ముడివేయవద్దు.

తగిలిందా, గట్టిగా కేక వేయండి. వరుస ఇది: ముందు కింది షట్టర్లు రెండూ మూయాలి, ఆ తర్వాతే పై షట్టరు కొద్దికొద్దిగా ఎత్తాలి. నీళ్ళు పెరిగి పడవ లేస్తుంది. కంగారులో పై షట్టరు ఒకేసారి ఎత్తేస్తే ఆ ధార ఒరిగి ఉన్న పడవ మీదికే వస్తుంది. షట్టరు దగ్గర నిలబడినవాళ్ళు ఫోను జేబులో పెట్టుకుని పడవనే చూస్తూ ఉండాలి. ఫొటోలు లాకు దాటాక.

ప్రొపెల్లరుకు ఏదన్నా చుట్టుకుంటే

గుర్తులు తెలిసిపోతాయి. పవరు పెంచినా వేగం రాదు, టిల్లరు చేతిలో వణుకుతుంది, పొగ నల్లబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. చుట్టుకునేవి ప్లాస్టిక్ సంచులు, నైలాను తాళ్ళు, ముళ్ళతీగలు. బర్మింగ్‌హామ్ వైపు అప్పుడప్పుడు చీరలు కూడా దొరుకుతాయి.

1. న్యూట్రల్ చేసి గట్టుకు చేరి కట్టండి.
2. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, చేయి పెట్టే మనిషి తన జేబులో వేసుకోవాలి. ఇందులో మినహాయింపు లేదు.
3. వెనక డెక్ పలక ఎత్తి, వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లరు పైన ఉండే మూత ఉన్న రంధ్రం) బిగింపు తిప్పి మూత తీయండి. ఇంజను దగ్గరివి వేడిగా ఉంటాయి.
4. గ్లౌజు చేయి నీళ్ళలోకి దించి తడిమి చూడండి. గుడ్డయితే చుట్టుకున్న దిశకు ఎదురుగా విప్పండి. తాడయితే రంపపు కత్తితో షాఫ్టు పొడవునా కోయండి. అరగంట పట్టవచ్చు.
5. తీసిన చెత్తను చెత్తబుట్టలోనే వేయండి. కాలవలో వేస్తే మళ్ళీ ఎవరికో చుట్టుకుంటుంది.
6. మూత రబ్బరు తుడిచి, సరిగా కూర్చోబెట్టి, బిగించండి. రెండో మనిషి కూడా కదిపి చూడాలి.
7. ఇంజను వేసి గేరులో పెట్టి, ఒక నిమిషం మూత అంచుల దగ్గర నీళ్ళు ఊరుతున్నాయేమో చూడండి.

ఆరు, ఏడు వదిలేసినవాళ్ళు పడవలు ముంచుకున్నారు. ప్రొపెల్లరు తిరిగితే వదులుగా ఉన్న మూత గుండా నీళ్ళు ఇంజను గదిలోకి చిమ్ముతాయి, పడవ నడిపేవాళ్ళకు తెలిసేసరికి ఆలస్యం అవుతుంది.

గాలి, నది, మంచు

నేరోబోటు అడుగు చదును, పైన మాత్రం పొడవాటి ఇనుప గోడ. గాలికి అది తెరచాప. చెట్ల పెద్ద కొమ్మలు ఊగుతున్నాయంటే ఆగండి, కానీ ఆ చెట్ల కిందే కట్టకండి. తప్పక వెళ్ళాలంటే గాలి వచ్చే వైపుకు ముక్కును కొంచెం తిప్పి, పడవను ఏటవాలుగానే నడపాలి. మరీ నెమ్మదిగా వెళ్తే గాలి గట్టుకు నెట్టేస్తుంది.

నది కాలవ కాదు. ఆక్స్‌ఫర్డ్ కాలవ నుంచి థేమ్స్‌లోకి దిగే ముందు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ బోర్డులు చూడండి. ఎర్ర బోర్డు ఉంటే ప్రవాహం బలంగా ఉంది, వెళ్ళకూడదు. పసుపు బోర్డులు రెండు రకాలు: ప్రవాహం పెరుగుతోందని ఒకటి, తగ్గుతోందని మరొకటి. పెరుగుతోందని ఉంటే కట్టేయండి, తగ్గుతోందని ఉన్నా అద్దె పడవతో దిగవద్దు. వాన ఆగింది కదా అనుకోవద్దు. పైన కురిసింది ఇక్కడికి ఒకటి రెండు రోజులకు వస్తుంది. నది మీదే చిక్కుకుంటే, తేలే జెట్టీకి కట్టుకోవడం మేలు, లేదా నీరు పెరిగే కొద్దీ తాళ్ళు సర్దుతూ ఉండాలి.

మంచు పలక కడితే చీల్చుకుంటూ వెళ్ళవద్దు. మీ ఇనుప పడవకు ఏమీ కాకపోవచ్చు, ఆ పలకల అంచులు పక్కనున్న ఫైబరు, చెక్క పడవలను కోసేస్తాయి.

ఒకేచోట రెండు మూడు రోజులు ఆగాల్సి వస్తే

కదలని పడవలో ముందు అయిపోయేది నీళ్ళు. 500 లీటర్ల ట్యాంకు నలుగురు కాస్త పొదుపుగా వాడితే రెండున్నర రోజులు. స్నానాలు తగ్గిస్తే రెట్టింపు. కుళాయి దగ్గర ట్యాంకు నిండుకున్నా లేకున్నా ప్రతిసారీ నింపడమే అలవాటు కావాలి. క్యాసెట్టు మరుగుదొడ్డి అయితే నలుగురికి రోజున్నరకే నిండవచ్చు, పెట్టెను చక్రాల మీద లాక్కెళ్ళి ఎల్సన్ పాయింటులో ఖాళీ చేయవచ్చు. పంపుతో ఖాళీ చేయించే రకమైతే పడవే అక్కడికి వెళ్ళాలి కాబట్టి, మూసివేత కబురు వినగానే అటు వెళ్ళే దారి ఉందో లేదో చూసుకోండి.

కరెంటు ఇంజను నుంచే వస్తుంది. ఆగి ఉన్నప్పుడు రోజుకు రెండు మూడు గంటలు న్యూట్రల్‌లో ఇంజను నడపండి. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా నడపకూడదు. గేరులో పెట్టి నడిపితే గట్టు కోసుకుపోతుంది. ఇన్వర్టరు ఉంది కదా అని ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు పెట్టకండి, 500 వాట్లకు పైగా లాగి బ్యాటరీలను ఖాళీ చేస్తుంది. గ్యాసు మీద ప్రెషరు కుక్కరే మంచిది. చలేస్తోందని గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కడం మాత్రం చేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం మోగితే అందరూ ముందు బయటికి రావాలి.

ఎవరికి, ఏమని చెప్పాలి

ప్రాణాపాయమైతే 999. గట్టు తెగడం, నీళ్ళు వేగంగా దిగిపోవడం, లాకు విరగడం లాంటివైతే ట్రస్టు అత్యవసర నంబరు 0800 47 999 47. ఇంజను, గ్యాసు, బ్యాటరీ గొడవలకు అద్దెకిచ్చినవాళ్ళు.

పొలాల మధ్య వీధి పేరు ఉండదు. అందుకే ప్రతి వంతెనకూ నంబరు పలక ఉంటుంది. చుక్కాని పట్టినవాళ్ళు దాటిన ప్రతి వంతెన నంబరూ బయటికి చదవాలి, లోపల పిల్లల చేత కాగితం మీద రాయించండి. ఫోనులో ఇలా చెప్పండి: కాలవ పేరు, ఏ నంబరు వంతెనకు ఏ నంబరు వంతెనకు మధ్య, నడిచే గట్టు వైపా అవతలి వైపా, పడవ పేరు, ఎంతమంది, కారు రాగల దగ్గరి వంతెన ఏది.

తిరిగి ఇవ్వడం ఆలస్యమయ్యేలా ఉంటే ఆఖరి రోజు పొద్దున కాదు, తెలిసిన రోజే చెప్పండి. ముందే తెలిస్తే, వేరే చోట పడవ తీసుకుని మిమ్మల్ని కారులో దింపడమో, తర్వాతి వాళ్ళకు ఇంకో పడవ సర్దడమో వాళ్ళు చేయగలరు. చీకట్లో నడిపి అందుకోవాలని చూడకండి. చాలా అద్దె ఒప్పందాల్లో సూర్యాస్తమయం తర్వాత నడపకూడదని రాసే ఉంటుంది, చీకట్లో తగిలిన దెబ్బకు బీమా పలకదు. మూసివేత వల్ల పోయిన రోజులకు డబ్బు అడగాలంటే ఆ నోటీసు స్క్రీన్‌షాటు తేదీతో సహా దాచుకోండి, ఎందుకంటే దారి తెరవగానే ఆ నోటీసు మారిపోవచ్చు.